లేదని చెప్పడం కూడా సమాధానమే

మన సంఘం వెబ్ సైటును ఈసారి కంప్యూటరులో తెరిచినప్పుడు పై అంచు వైపు ఒక్క క్షణం చూడండి. సైటు పేరు ఉండే పట్టీలో, పేరుకు ఎడమ ప్రక్కన, మినపగింజంత బొమ్మ ఒకటి కనిపిస్తుంది. బ్యాంకులకు, పత్రికలకు, విశ్వవిద్యాలయాలకు, ఎవరి సైటుకు వారి బొమ్మ ఉంటుంది. పది పన్నెండు పేజీలు ఒకేసారి తెరిచిపెట్టుకొనే వారికి ఏది ఎక్కడ ఉన్నదో తెలిపేది ఈ బొమ్మే. దీనిని ఫేవికాన్ అంటారు. తొలినాళ్ళలో దీని కొలత అడ్డంగా 16, నిలువుగా 16 చుక్కలు. అంటే మొత్తం 256 చుక్కల ముగ్గు అన్నమాట.

ఇంత చిన్న వస్తువును గురించి సావనీరులో ఇన్ని పేజీలు ఎందుకని పాఠకులు ప్రశ్నించవచ్చు. నేను వృత్తిరీత్యా రసాయన శాస్త్ర పరిశోధకుణ్ణి. కంప్యూటరు శాస్త్రం నా రంగం కాదు. అయినా కొన్నేళ్ళుగా మన సంఘం వెబ్ సైటు బాధ్యత నా మీద ఉన్నది. సంఘాలలో పనులు ఎట్లా పంచుకుంటారో మీకు తెలియనిది కాదు: సమావేశానికి ఆలస్యంగా వెళ్ళినవారికి మిగిలిపోయిన పని దక్కుతుంది. 2023 చివరలో మన తెలుగు బడిలో చిన్నపిల్లల తరగతి మూతపడే స్థితికి వచ్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లలు చేరకపోవడానికి తల్లిదండ్రుల అశ్రద్ధే కారణమని కార్యవర్గంలో అందరం అనుకున్నాము. అది నిజం కాదు. కారణం నేను. ఆ కథకు మొదలు ఈ 256 చుక్కల బొమ్మ దగ్గర ఉన్నది. ముందుగా దాని చరిత్ర చెప్పి, తరువాత నా తప్పు దగ్గరకు వస్తాను.

పిలవని పేరంటం

వెబ్ సైటును ఒక కిరాణా కొట్టు అనుకుందాము. మీ కంప్యూటరులోని బ్రౌజరు మీరు చీటీ రాసి పంపే కుర్రవాడు. సర్వరు ఆ కొట్టులోని గుమాస్తా. అతడు చీటీ చూసి సరుకు ఇచ్చి, ఎవరు ఏమి అడిగారో, తాను ఏమి ఇచ్చాడో చిట్టాలో ఒక వరుస రాసుకుంటాడు. ఆ వరుసలో మూడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 200 అంటే అడిగినది ఇచ్చాను అని. 301 అంటే ఆ సరుకు శాశ్వతంగా వేరొక చోటికి మారింది, అక్కడికి వెళ్ళు అని. 404 అంటే నీవడిగినది ఇక్కడ లేదు అని. 500 అంటే ఇవ్వబోయి నేనే తడబడ్డాను అని. నాలుగుతో మొదలయ్యేవి అడిగిన దానికి, ఐదుతో మొదలయ్యేవి కొట్టు వైపు లోపానికి సంబంధించినవి. 404 కనబడగానే సర్వరు చెడిపోయిందని కంగారు పడేవారు ఉన్నారు. నిజానికి సర్వరు చక్కగా పనిచేస్తున్నందువల్లనే ఆ సమాధానం రాగలిగింది.

1999 మార్చిలో మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయిదవ వెర్షన్ వెలువడింది. అంతకుముందు బ్రౌజర్లు మీరు అడిగిన పేజీని, ఆ పేజీలో పేర్కొన్న బొమ్మలను తెచ్చి ఊరుకొనేవి. ఈ కొత్త బ్రౌజరు మాత్రం, మీరు ఒక పేజీని ‘ఫేవరెట్స్’ జాబితాలో చేర్చుకోగానే, ఎవరూ చెప్పకుండానే సైటు ముంగిట్లోకి వెళ్ళి ‘ఫేవికాన్ డాట్ ఐకో’ అనే పేరుగల ఫైలు ఉన్నదా అని అడగసాగింది. ఫేవరెట్, ఐకాన్ అనే రెండు మాటలు కలిసి ఫేవికాన్ అయింది. ఆ పేరు సైటు యజమానులు పెట్టినది కాదు. అటువంటి ఫైలు తమ వద్ద ఉన్నదని వారు చెప్పనూ లేదు. పిలవని పేరంటానికి వచ్చి తాంబూలం ఏదని అడిగినట్లు ఉన్నది వ్యవహారం. ఆ బొమ్మ పెట్టని సర్వర్లన్నింటి చిట్టాలలోనూ కొత్తగా 404 వరుసలు చేరసాగాయి. పైగా, ఆ వరుసలను బట్టి తమ పేజీని ఎందరు జాబితాలో చేర్చుకున్నారో సైటు యజమాని అంచనా కట్టవచ్చును. పాఠకుని సొంత జాబితా సంగతి పరాయివారికి తెలియడం ఏమిటని అప్పట్లో అభ్యంతరాలు కూడా వచ్చాయి.

తరువాత వచ్చిన బ్రౌజర్లు ఈ అలవాటును మానకపోగా పెంచాయి. జాబితాలో చేర్చుకున్నప్పుడే కాక, సైటుకు వెళ్ళినప్పుడే బొమ్మను అడగడం మొదలుపెట్టాయి. ఐఫోన్లు వచ్చిన తరువాత ‘ఆపిల్ టచ్ ఐకాన్’ అనే మరొక పేరుతో మరొక అభ్యర్థన తోడయింది. తన బొమ్మ ఎక్కడ ఉన్నదో సైటు యజమానే పేజీ తలభాగంలో ఒక వరుస రాసి తెలిపే పద్ధతి ఒకటి ఉన్నది. మర్యాదైన పద్ధతి అదే. కాని ఆ వరుస లేనిచోట బ్రౌజర్లు పాత అలవాటునే పాటిస్తాయి.

ఇందులోని మర్యాద ప్రశ్నను వెబ్ సృష్టికర్త టిమ్ బర్నర్స్-లీయే లేవనెత్తారు. ఒక సైటులో ఏ ఫైలుకు ఏ పేరు ఉండాలో నిర్ణయించే హక్కు ఆ సైటు యజమానిది. 1994 నాటి ‘రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ’, ఆ తరువాతి ఫేవికాన్ వంటి ముందే నిర్ణయించిన పేర్లు ఆ హక్కులో జోక్యం చేసుకుంటున్నాయి. దీనిని 2003లో ఆయన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వారి సాంకేతిక బృందం ముందు ఒక సమస్యగా ఉంచారు. ఇటువంటి పేర్లకు ‘వెల్ నోన్’ అనే ప్రత్యేకమైన గది ఒకటి కేటాయించే ప్రమాణం 2010లో వెలువడింది. 2019లో దానిని సవరించారు. అప్పటికే ఫేవికాన్ అలవాటు వేళ్ళూనుకొని ఉన్నది. అందువలన నేటికీ ఆ బొమ్మ లేని ప్రతి సైటు చిట్టాలోనూ ఈ వరుసలు పడుతూనే ఉన్నాయి.

బొమ్మ లేకపోతే ఏమవుతుంది?

బ్రౌజరుకు ఏమీ కాదు. బొమ్మ దొరకకపోతే భూగోళం బొమ్మనో, తెల్లకాగితం బొమ్మనో ఆ స్థానంలో చూపి ఊరుకుంటుంది. పేజీ తెరుచుకోవడం ఆగదు. సర్వరు నేరుగా లేదని చెప్పగలిగితే దానికయ్యే శ్రమ కూడా స్వల్పమే. ఆ మాటకు వస్తే బొమ్మ పెట్టడానికయ్యే ఖర్చూ స్వల్పమే. పూర్తి రంగులతో చేసిన 16 చుక్కల బొమ్మ ఫైలు 1150 బైట్లు ఉంటుంది. వెబ్‌లో వాడుకలో ఉన్న యూనికోడు పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కనుక, మీరు ఇప్పుడు చదువుతున్న పేరా కంటె ఆ బొమ్మ చిన్నది.

చిక్కు వేరే చోట ఉన్నది. నేటి సైట్లలో చాలావాటి వెనుక ఒక పెద్ద ప్రోగ్రాము ఉంటుంది. లేని సరుకు అడిగితే గుమాస్తా లోపలికి వెళ్ళి ఆ ప్రోగ్రామును నిద్రలేపుతాడు. అది డేటాబేసు తెరిచి, వెదికి, చివరకు లేదని చెప్పే పేజీ ఒకటి అందంగా అలంకరించి ఇస్తుంది. అంటే బొమ్మ ఇవ్వడానికయ్యే ఖర్చు కంటె బొమ్మ లేదని చెప్పడానికయ్యే ఖర్చు ఎక్కువ! ప్రోగ్రాము సరిగా రాయనిచోట, లేని ఫైలు కోసం వెదుకుతూ అది తానే తడబడి 404 రావలసిన చోట 500 ఇచ్చిన సందర్భాలు కూడా ఉంటాయి. లాగిన్ అవసరమైన సైట్లలో మరొక విచిత్రం ప్రోగ్రామర్లకు బాగా పరిచితం. లాగిన్‌కు ముందు చివరగా ఏ పేజీ అడిగారో గుర్తుంచుకొని, లాగిన్ అయిన తరువాత అక్కడికే పంపడం ఆ సైట్ల ఏర్పాటు. బ్రౌజరు చాటుగా అడిగిన ఫేవికానే చివరిదిగా నమోదైతే, పాపం ఆ మనిషి సరైన పాస్‌వర్డు ఇచ్చి కూడా బొమ్మ లేదనే పేజీ ముందు నిలబడతాడు.

ప్రయోగశాలలో నేర్చిన పాఠం

మాస్ స్పెక్ట్రోమీటరుతో పనిచేసే రసాయన శాస్త్రజ్ఞులందరికీ థాలేట్లు అనే పదార్థాలతో పరిచయం ఉంటుంది. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే ఈ పదార్థాలు గొట్టాల నుండి, సీసా మూతల నుండి, చేతి తొడుగుల నుండి కొద్దికొద్దిగా కరిగి నమూనాలో చేరతాయి. అప్పుడు స్పెక్ట్రంలో 149 అనే సంఖ్య దగ్గర ఒక శిఖరం లేస్తుంది. కొత్తగా చేరిన విద్యార్థి దానిని చూసి ఏదో కనిపెట్టానని సంబరపడతాడు. అనుభవజ్ఞుడు వచ్చి, అది ఎప్పుడూ ఉండేదేలే, వదిలెయ్యి అంటాడు. నా దృష్టిలో ఆ ఇద్దరిలో రెండవవాడే ఎక్కువ ప్రమాదకారి. కొత్తవాడి పొరపాటు వారంలో తీరుతుంది. ఎప్పుడూ ఉండేదే అన్న మాట అలవాటైతే, ఆ శిఖరం చాటున నిజంగా చూడవలసినది ఉన్నా కన్ను అక్కడ నిలవదు.

సరైన పద్ధతి ఏమిటి? పరీక్షించదలచిన పదార్థం ఏమీ లేని ఖాళీ నమూనాను ముందుగా యంత్రంలో నడపాలి. నేపథ్యంలో ఎంత సద్దు ఉన్నదో కొలవాలి. వీలైతే దాని మూలాన్ని తొలగించాలి. ఒక పదార్థం ఉన్నదని ధైర్యంగా చెప్పాలంటే దాని సంకేతం ఖాళీ నమూనాలోని హెచ్చుతగ్గులకు కనీసం మూడు రెట్లు ఉండాలని మా శాస్త్రంలో ఒక నియమం. సద్దు పెరిగినకొద్దీ మనం చూడగల కనిష్ఠ పరిమాణమూ పెరిగిపోతుంది. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఈ నియమం మారదు.

సర్వరు చిట్టాకు కూడా ఇదే వర్తిస్తుంది. వేయి వరుసలలో తొమ్మిది వందల తొంబై ఫేవికాన్ కోసం అయితే, మిగిలిన పది ఏమిటో చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? ‘నాన్నా పులి’ కథ మనమంతా చిన్నప్పుడు చదువుకున్నదే. ఆ కథలో పిల్లవాడు కావాలని అబద్ధమాడాడు. ఇక్కడ అబద్ధమాడేవారు ఎవరూ లేరు. ప్రతి కేకా నిజమే. అయినా ఫలితం ఒకటే. నిజంగా పులి వచ్చిననాడు ఎవరూ తలెత్తి చూడరు.

నేను చేసిన దిద్దుబాటు

ఇవన్నీ తెలిసిన నేను ఏమి చేశానో వినండి. 2023 వేసవిలో మన సంఘం సైటును కొత్త ప్రోగ్రాములోకి మార్చాము. ఆ మార్పులో నా చేతి నుండి రెండు జారిపోయాయి. ఒకటి ఫేవికాన్ ఫైలు. రెండవది తెలుగు బడి దరఖాస్తు పేజీకి ఉన్న పాత చిరునామా. కొత్త పేజీ మరొక చిరునామాతో చక్కగానే ఉన్నది. కాని పాత చిరునామా ఆ ఏటి ఉగాది కాలెండరు మీద క్యూఆర్ గుర్తుగా అచ్చయి, ఊరంతటా ఫ్రిజ్ తలుపుల మీద వేలాడుతున్నది.

చిట్టా 404 వరుసలతో నిండిపోయింది. చూసినంత మేర అన్నీ ఫేవికాన్ కోసమే. కొన్ని వారాలకు విసుగు పుట్టింది. ఒక రాత్రి కూర్చుని, లేని చిరునామా ఏది అడిగినా ముఖపేజీ ఇచ్చి 200 అని రాసుకొమ్మని సర్వరుకు ఆదేశమిచ్చాను. ఒక్క వరుస మార్పు అది. మరునాటి నుండి చిట్టా కడిగిన పళ్ళెంలా ఉన్నది. అంతే కాదు, సందర్శకుల లెక్క దాదాపు రెట్టింపు అయింది. ముఖపేజీ ఇచ్చిన ప్రతిసారీ మన ప్రోగ్రాము ఒక సందర్శకుని లెక్కవేసుకుంటుంది. మీరు ఒకసారి సైటుకు రాగానే మీ బ్రౌజరు బొమ్మ కోసం రెండవసారి అడిగేది. బొమ్మకు బదులు దానికి కూడా ముఖపేజీయే దక్కేది. లెక్కలో ఇద్దరు పడేవారు. ఈ సంగతి తెలియని కార్యవర్గం సమావేశంలో చప్పట్లు కొట్టింది. ఎందుకు పెరిగిందని నేనూ ఆలోచించలేదు. ప్రయోగశాలలో ఒక ఫలితం రాత్రికి రాత్రి రెట్టింపైతే ముందు యంత్రాన్ని అనుమానిస్తాను. ఇక్కడ చప్పట్లు విని ఇంటికి వచ్చాను.

తెలుగు బడిలో చేరేవారు మాత్రం తగ్గిపోయారు. ఈ తరానికి తెలుగు మీద ఆసక్తి లేదని కొందరు బాధపడ్డారు. చిన్నపిల్లల తరగతిని ఎత్తివేద్దామనే ప్రస్తావన వచ్చింది. 2024 జనవరిలో సంక్రాంతి సంబరాలనాడు భోజనాల వరుసలో ఒక పెద్దావిడ నన్ను ఆపి, “ఏం బాబూ, ఈ ఏడు బడి పెట్టడం లేదటగా? మనవరాలిని చేర్పిద్దామని మా కోడలు ఆ కాలెండరు మీది గుర్తును ఫోనుకు చూపిస్తే, ఎన్నిసార్లు చూపించినా దసరా ఫోటోలే వస్తున్నాయట,” అన్నారు. “లేదండీ, బడి ఉంది,” అన్నాను గాని, చేతిలోని విస్తరి బరువెక్కింది.

ఇంటికి వెళ్ళి చిట్టా తెరిచాను. అన్నీ 200లే. చిరునామా పేరు పెట్టి వెదికితే గాని బయటపడలేదు. సెప్టెంబరు నుండి మన కుటుంబాలు ఆ పాత చిరునామాను అడుగుతూనే ఉన్నాయి. ఒకే ఇంటి నుండి మూడు నాలుగుసార్లు అడిగినవారు కూడా ఉన్నారు. ప్రతివారికీ మన సర్వరు నవ్వుముఖంతో దసరా ఫోటోలు చేతిలో పెట్టి, అడిగినది ఇచ్చానని చిట్టాలో రాసుకున్నది. లేదని చెప్పి ఉంటే వారిలో ఒక్కరైనా నాకు ఫోను చేసి ఉండేవారు. తరగతి నిలిచింది, కొందరు పిల్లలు ఆలస్యంగానైనా చేరారు. అప్పటికే వేరే కార్యక్రమాలకు డబ్బు కట్టిన ఇళ్ళలో పిల్లలకు ఆ ఏడు పోయినట్లే. ఆ తల్లిదండ్రులకు ఈ సావనీరు ద్వారా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

‘లేదు’ అనే మాటలో భేదాలు

ఈ విషయంలో మనం నివసించే దేశానికి కొంత చరిత్ర ఉన్నది. ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో వెదికిపెట్టే తొలి ఇంటర్నెట్ సాధనం ‘ఆర్చీ’ 1990లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. దానిని రూపొందించిన అలన్ ఎమ్టేజ్ బార్బడోస్ నుండి ఇక్కడికి చదువుకు వచ్చిన విద్యార్థి. ఫైలు ఎందుకు ఇవ్వడం లేదో నిజాయితీగా చెప్పే సంఖ్య ఒకటి కూడా కెనడా వాసి చలవే. ఎక్స్ఎంఎల్ ప్రమాణం సంపాదకులలో ఒకరైన టిమ్ బ్రే రాసిన ఆర్.ఎఫ్.సి. 7725 అనే ప్రమాణం 2016 ఫిబ్రవరిలో వెలువడి, 451 అనే సంఖ్యను ప్రవేశపెట్టింది. చట్టపరమైన కారణాల వల్ల ఈ పేజీ ఇవ్వలేకపోతున్నాము అని దాని అర్థం. పుస్తకాలు తగలబెట్టే సమాజాన్ని గురించి రే బ్రాడ్‌బరీ రాసిన నవల పేరులోని సంఖ్య అది. ఎవరైనా ఆజ్ఞాపించి పేజీని తీయించినప్పుడు, అసలది ఎన్నడూ లేనట్లు 404 చూపించడం పాఠకుణ్ణి మోసగించడమే అవుతుందని ఇటువంటి సంఖ్య కోరినవారి భావం.

ఇక్కడ లేదు అనడానికి 404, ఉండేది గాని తీసివేశాము అనడానికి 410, నీకు ఇవ్వకూడదు అనడానికి 403, చట్టం ఒప్పుకోదు అనడానికి 451, మా వైపే లోపం అనడానికి 500. ఈ వరుసను చూసినప్పుడల్లా దీనిని ఏర్పరచినవారి వివేకం నన్ను ఆకట్టుకుంటుంది. లేదనడం ఒక్క మాట కాదు. అడిగినవాడు తరువాత ఏమి చేయాలో దానిలోని భేదాన్ని బట్టి ఉంటుంది. లేనిదాన్ని ఉన్నట్లు 200 అని చెప్పడాన్ని శోధన యంత్రాలవారు ‘సాఫ్ట్ 404’ అంటారు. నేను చేసినది సరిగ్గా అదే. నా భాషలో దానిని మెత్తని అబద్ధం అంటాను.

మనవి

ఫేవికాన్ వరుసలను చిట్టాలో రాయవద్దని సర్వరుకు చెబితే సరిపోదా అని సాంకేతికులు అడుగుతారు. చాలామంది అట్లాగే చేస్తారు. ఆ ఒక్క పేరుకే పరిమితమైతే నాకు అభ్యంతరం లేదు. మూలం తెలిసిన సద్దును తీసివేయడం తప్పు కాదు. ఇవ్వడానికి ఏమీ లేదనే 204 సంఖ్య వాడేవారు ఉన్నారు. అదీ నిజమే కనుక అదీ మంచిదే. కాని అన్నిటికంటె సులభమైనది ఆ 1150 బైట్ల బొమ్మను చేసి పెట్టడం. మన సైటుకు ఇప్పుడు ఆ బొమ్మ ఉన్నది. కొందరికి ఇంకా పాత భూగోళమే కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. బ్రౌజర్లు ఈ బొమ్మలను ఒక ప్రత్యేకమైన అరలో దాచుకొని చాలాకాలం గుర్తుంచుకుంటాయి. ఆ అరను ఉపయోగించుకొని మనుషుల రాకపోకలను పసిగట్టవచ్చునని షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో చూపించారు. చిన్న బొమ్మే అయినా దాని పనులు చిన్నవి కావు.

ఉత్తర అమెరికాలో మన సంఘాల సైట్లను నడిపేది ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలు, ఇటీవల మన కాలేజీ పిల్లలు. వారికి నా మనవి మూడు మాటలు. బొమ్మ పెట్టండి. నెలకొకసారి చిట్టా తెరిచి, తెలిసిన సద్దు పోగా మిగిలిన 404లను చదవండి. ప్రతి వరుస వెనుక ఏదో అడగవచ్చిన మనిషి ఉండవచ్చు. అచ్చువేసిన చిరునామాను ఎన్నడూ దిక్కులేకుండా వదలవద్దు. పేజీ మారితే 301తో దారి చూపండి.

ఈ సంవత్సరపు కాలెండరు మీది గుర్తును అచ్చుకు ముందు నేను నాలుగు ఫోన్లతో పరీక్షించాను. అయినా మీకు దసరా ఫోటోలు కనిపిస్తే, దయచేసి సంక్రాంతి దాకా ఆగకుండా నాకు చెప్పండి.